వైద్యుల పట్టప్రదానోత్సవము – దాని పూర్వోత్తరములు

ఈ శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు నన్ను కోరినప్పుడు, మన ప్రాంతమునకు సువార్త వచ్చిన విధమును గూర్చియో, తొలి సంఘ పెద్దలను గూర్చియో నేను వ్రాయుదునని వారు తలంచి యుందురు. ఆ సంగతులను నాకంటె పెద్దలు, నాకంటె బాగుగా ఎరిగినవారు వ్రాయుచున్నారు. నేను వేరొక సంగతిని ఎత్తుకొనుచున్నాను. ఒక మనిషి చదువు ముగించి వైద్యుడనిపించుకొను దినమున ఏమి జరుగును? ఆ నల్ల గౌను ఎక్కడిది? చేయి చాపి పలుకు ఆ ప్రమాణము ఎవరిది? ఇవి మనకెందుకని కొందరు అడుగవచ్చును. అడుగవలసిన కారణము నాకు 2019 లో కలిగినది.

ఆ యేడు మా గట్టు మండలములోని ఒక పల్లెనుండి మా సంఘపు అమ్మాయి ఒకతె ఎం.బి.బి.యస్. ముగించినది. గట్టు అనగా ఎరుగనివారికి చెప్పుచున్నాను: కృష్ణకు తుంగభద్రకు నడుమనున్న నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దునకు ఆనుకొని యున్న మండలము. ఆడపిల్లల చదువులో దేశములోనే మిక్కిలి వెనుకబడిన చోట్లలో ఒకటిగా పత్రికలలో దీని పేరు పడినది. జబ్బు చేసినయెడల మావారు కర్నూలుకో రాయచూరుకో పోవలెను. సీడు పత్తి చేలలో క్రాసింగు పని వచ్చినప్పుడు మా బడులలో సగము బెంచీలు ఖాళీ యగును. ఆ అమ్మాయియు చిన్నతనములో ఆ పనికి పోయినదే. అట్టి పిల్ల డాక్టరయినదని తెలిసినప్పుడు ఊరిలో ఒక ముసలాయన, "పట్టా వచ్చిందంట గదా, ఎన్ని ఎకరాలకు?" అని అడిగెను. మావైపు పట్టా యనిన పొలము పట్టాయే గాని వేరొకటి లేదు.

ఆ ఉత్సవమునకు నేనును వెళ్ళితిని. వెళ్ళి వచ్చినది మొదలు ఈ ఆచారముల పుట్టుకను వెదకుచున్నాను. అక్కడ జరిగినదానిని కడపట చెప్పెదను.

మొదట పేరు. కాన్వొకేషనును మనము స్నాతకోత్సవమనుచున్నాము. స్నాతకుడనగా స్నానము చేసినవాడు. పూర్వము గురుకులములో చదువు ముగించిన శిష్యుడు స్నానమాచరించి, బ్రహ్మచారి గురుతులను విడిచి, ఇంటికి మరలి పోవుట సమావర్తనము. నేటికిని తెలుగువారి వివాహములలో పెండ్లికి ముందు స్నాతకము జరుపుదురు. వరుడు గొడుగు పట్టుకొని కాశీకి పోవుచున్నట్లు నటించుట, బావమరిది బ్రతిమాలి వెనుకకు తెచ్చుట మీరు చూచియే యుందురు. ఒక విశ్వవిద్యాలయపు మహోత్సవమునకును, పెండ్లి పందిటిలోని వేడుకకును ఒకే మాట యుండుట నాకు వింతగా తోచినది. తైత్తిరీయోపనిషత్తులో గురువు వెడలిపోవు శిష్యునికి చేయు ఉపదేశమును మన విశ్వవిద్యాలయములు కొన్ని తమ ఉత్సవములలో నేటికిని చదివించుచున్నవి.

అయితే వైద్యుల విషయములో మన పూర్వులు కడపటి దినముకంటె మొదటి దినమునకు ఎక్కువ విలువ నిచ్చిరి. చరక సంహితలో విమానస్థానమను భాగమున్నది. శిష్యుని చేర్చుకొను దినమున అగ్ని యెదుట నిలిపి గురువు అతనికి నియమములను చెప్పును. రోగికి కీడు తలపెట్టకూడదు. రోగి యింటిలో చూచినదానిని బయట చెప్పకూడదు. ఎంత తెలిసినను తనకు అంతయు తెలియునని డంబము పలుకకూడదు. ఈ మూడును నేటి వైద్యునికిని తగినవే. కాని అదే చోట, రాజు ద్వేషించువారికిని, రాజును ద్వేషించువారికిని వైద్యము చేయరాదనియు, భర్తయో సంరక్షకుడో దగ్గర లేని స్త్రీకి వైద్యము చేయరాదనియు ఉన్నది. పాతది గనుక అంతయు బంగారమనుట సరి కాదు. ప్రసవ వేదనలోనున్న స్త్రీ మగడు ఊరిలో లేనప్పుడు ఏమి కావలెను? ఈ ప్రశ్న మరల వచ్చును.

గ్రీకు దేశములో క్రీస్తునకు పూర్వము నాలుగైదు శతాబ్దముల క్రిందట హిప్పోక్రేట్సను వైద్యుడుండెను. అతని పేర వెలసిన ప్రమాణమే లోకమంతట ప్రసిద్ధి. అతడే వ్రాసెనని పండితులు ఒప్పుకొనరు. అందులో అపొల్లోను, అస్క్లేపియసును, ఆరోగ్య దేవతలను సాక్షిగా పెట్టుకొని శిష్యుడు ఒట్టు పెట్టుకొనును. ఇదియు మొదట పట్టము పుచ్చుకొనునప్పటి ప్రమాణము కాదు. గురువు కుటుంబములో చేరునప్పటిది. క్రైస్తవ సంఘము వ్యాపించిన తరువాత అన్య దేవతల పేర ఒట్టు ఎట్లు పెట్టుకొందుమని వైద్యులకు చిక్కు వచ్చినది. అంతట ఆ దేవతల పేరులు తీసివేసి, క్రైస్తవుడు చేయదగినంత వరకు దానిని సవరించి వ్రాసికొనిరి. మధ్యయుగపు వ్రాతప్రతులలో ఆ పాఠమును సిలువ ఆకారములో పంక్తులు పేర్చి వ్రాసినవి నేటికిని ఉన్నవి.

ఈ ప్రమాణమును ఒక విశ్వవిద్యాలయపు వైద్యశాఖ వాడుక చేసినట్లు మొదట కనబడునది 1508 లో, జర్మనీలోని విట్టెన్‌బర్గులో. ఆ ఊరి పేరు వినగానే దైవశాస్త్రము చదివిన నావంటివాని చెవులు నిక్కబొడుచుకొనును. అదే 1508 లో మార్టిన్ లూథరు ఆ విశ్వవిద్యాలయమునకు బోధింప వచ్చెను. ఈ రెంటికి సంబంధమేమియు లేదు; ఉన్నట్లు కథ అల్లుట న్యాయము కాదు. కాని నాకు సంతోషము కలిగినదని ఒప్పుకొందును. ఫ్రాన్సులోని మోంపెల్యే నగరములో 1804 మొదలు పట్టము పుచ్చుకొనువారు ఈ ప్రమాణమును బహిరంగముగా చదువుట ఆచారమాయెను. అక్కడినుండియే తక్కిన దేశములకు పాకినది. ఆ మోంపెల్యేలోనే మరియొక ఆచారముండెడిది. రబెలే యను ప్రసిద్ధ రచయిత 1530 లలో అక్కడ వైద్యము చదివెను. అతనిదని చెప్పు ఎఱ్ఱని గౌనును పరీక్ష దినమున ప్రతి విద్యార్థియు తొడుగుకొని, పోవునప్పుడు దాని అంచునుండి ఒక ముక్క చింపుకొని పోవుచుండెను. గౌను పొట్టిదై పోగా మరల మరల క్రొత్తది కుట్టింపవలసి వచ్చినది. మన పిల్లలే అల్లరివారని నొచ్చుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

గౌను సంగతి యిది. ఐరోపాలో తొలి విశ్వవిద్యాలయములు పుట్టినప్పుడు వాటిలో చదువువారు, చెప్పువారు చాల మట్టుకు సంఘ పరిచారకులే. పెద్ద రాతి కట్టడములు, చలి, కాలి మడమల వరకు అంగీ, తలకు ముసుగు. ఆ ముసుగే నేడు వీపున వ్రేలాడు హుడ్డు. పాదిరి గౌను, వకీలు గౌను, పట్టభద్రుని గౌను మూడును ఒక తల్లి బిడ్డలే. మంచు దేశపు ఉడుపు మన యెండలో ఎంత సుఖమో, గౌను తొడిగి వేసవి ఆరాధన నడిపిన ప్రతి పాదిరియు చెప్పగలడు.

ఇక మన దేశమునకు వచ్చెదము. మద్రాసులో ఇంగ్లీషు వైద్యము నేర్పు పాఠశాల 1835 లో ఆరంభమాయెను. మన ప్రాంతము నైజాము రాజ్యము. హైదరాబాదులో 1846 లో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున, రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ మెక్లీను చేతిమీదుగా వైద్య పాఠశాల తెరువబడినది. బోధన ఉర్దూలో. చదువు ముగించినవారికి ఇచ్చిన బిరుదు 'హకీము'. ఇది గమనింపదగినది. విద్య పాశ్చాత్యము, కాని బిరుదు యూనానీ వైద్యునిది. జనులు ఎరిగిన మాటతోనే జనుల యెదుటికి పంపిరి.

1885 లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆ పాఠశాల బాధ్యత తీసికొనిన నాటినుండి దాని పేరు దూరదేశములకు పోయెను. క్లోరోఫారము మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చుటకు 1888 లోను, 1889 లోను హైదరాబాదులో రెండు కమిషనులు కూర్చుండెను. రెండవ దానికి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ద్రవ్యమిచ్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక తన పక్షమున డాక్టర్ లాడర్ బ్రంటనును పంపెను. గుండె ఆగుటకంటె ముందు శ్వాస ఆగునని, శ్వాసను కనిపెట్టి యున్న చాలునని లారీ తేల్చెను. అది పూర్తిగా సరి కాదని తరువాతి పరిశోధనలు చూపెను. అయినను 1885 లో అక్కడ చేరిన మొదటి అయిదుగురు స్త్రీలలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889 లో హకీము పట్టము పొంది, మత్తు ఇచ్చుటయే తన వృత్తిగా చేసికొని, లోకములో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఒకరని పేరు పొందిరి. ఇది జరిగినది మన నైజాములో అని మనలో ఎందరికి తెలియును?

తరువాత ఆ పాఠశాల ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినది. 1918 లో వెలసిన ఆ విశ్వవిద్యాలయములో సకల శాస్త్రములు ఉర్దూలో చెప్పిరి. దానికై 1917 లోనే ఒక అనువాద శాఖను పెట్టి వైద్య గ్రంథములను సైతము తర్జుమా చేయించిరి. 1948 తరువాత అదంతయు పోయి ఇంగ్లీషు వచ్చినది. దేశభాషలో డాక్టరు చదువు సాగదని చెప్పువారికి ఇది జవాబు. అయితే ఆ దేశభాష ఉర్దూయే గాని, ఆ రాజ్యములో ఎక్కువమంది మాటలాడు తెలుగు కాదు. గద్వాల సంస్థానపు పల్లెలో నాగలి పట్టినవానికి ఉర్దూయు ఇంగ్లీషును ఒకటే దూరము.

పట్టము అందరికి దొరకలేదు. ఒకరి సంగతి ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను. భీమవరములో 1895 లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టిరి. శస్త్రచికిత్స గదిలో తొడుగు అంగీ సైతము ఖద్దరుదే కుట్టించుకొనిరి. ఆ విభాగపు ఇంగ్లీషు ఆచార్యునికి ఇది గిట్టలేదు. చదువులో లోపము లేకున్నను, 1921 లో చదువు ముగియునప్పుడు వారికి పూర్తి ఎం.బి.బి.యస్. పట్టము రాక, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రము చేతికి వచ్చినది. బట్ట ఒకటి, దానితో పట్టము పోయినది. అందరు నల్ల గౌను తొడుగుకొని వేదిక యెక్కు దినమున, ఏ బట్ట తొడిగితివని ఒకని నిలిపివేయుట ఎట్టి వింత! వారు కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, 1923 లో అమెరికాకు పోయిరి. తరువాతి కథ లోకమెరిగినది. కండరముల శక్తి రహస్యము, ఫోలిక్ ఆమ్లము తయారి, బోదకాలునకు మందు, ఆరియోమైసిన్ – వీటన్నిటి వెనుక వారి చేయి యున్నది. 1948 లో పరదేశములోనే కన్ను మూసిరి. నేటికిని గర్భిణీలకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లమున్నది. మా గట్టులో ఆశా కార్యకర్త ఆ మాత్రలు పంచునప్పుడెల్ల, పట్టము సగమే దొరికిన ఆ మనిషి నాకు జ్ఞాపకము వచ్చును.

స్త్రీల మాట. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో స్త్రీలకే వైద్యము నేర్పు కళాశాల యుండెను. అక్కడ 1879 లో పట్టము పొందిన అన్నా కూగ్లరు దొరసానిగారు 1883 లో గుంటూరు వచ్చిరి. 1898 లో వారి ఆసుపత్రి తెరువబడినది. అదే కళాశాలలో 1886 మార్చి 11 న మహారాష్ట్ర వనిత ఆనందీబాయి జోషి పట్టము పుచ్చుకొనిరి. చూచుటకు పండిత రమాబాయి సముద్రము దాటి పోయిరి. ఆనందీబాయి మరుసటి యేడే, 1887 ఫిబ్రవరిలో, ఇరువది రెండేండ్లు నిండకమునుపే క్షయతో చనిపోయిరి. ఒక్క రోగినైనను తన స్వంత ఆసుపత్రిలో చూచుకొను భాగ్యము ఆమెకు కలుగలేదు. ఉత్సవము గొప్పదే, కాని దాని తరువాతి దినములే లెక్కకు వచ్చునవి.

మన ఈ జిల్లాలకు వచ్చిన వైద్యురాలు కేథరీనా షెల్లెన్‌బర్గుగారు. రష్యాలో జన్మించి, బాల్యములో తలిదండ్రులతో అమెరికాకు వలసపోయి, అక్కడ హోమియోపతి కళాశాలలో వైద్యము చదివి, మెన్నొనైట్ బ్రదరన్ మిషను పక్షమున 1907 లో ఈ దేశమునకు వచ్చిరి. నాగర్‌కర్నూలు, వనపర్తి, శంషాబాదులలో పని చేసి, 1945 లో శంషాబాదులోనే మరణించిరి. ముప్పదెనిమిది యేండ్లలో స్వదేశమునకు పోయినది ఒక్కసారియే. చరక సంహిత కాలమున అడిగిన ప్రశ్నకు ఇట్టివారే జవాబు. మగ వైద్యుని ఇంటిలోనికి రానీయని ఆ దినములలో, స్త్రీకి స్త్రీయే చికిత్స చేయవలసి యుండెను.

వేలూరు పని పుట్టినదియు దీనినుండియే. ఐడా స్కడ్డరు దొరసానిగారి కథ మీలో చాలమంది ఎరుగుదురు. తిండివనములో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి వెంట ఒకరు వచ్చి, ప్రసవమునకు కష్టపడుచున్న తమ భార్యల కొరకు ఆమెను పిలిచిరి. వైద్యుడైన ఆమె తండ్రిని పంపెదమన్న వద్దనిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికాకు పోయి కార్నెల్ వైద్య కళాశాలలో 1899 లో పట్టము పొంది, 1900 లో తిరిగి వచ్చిరి. 1918 లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి. మద్రాసు ప్రభుత్వపు పరీక్ష కఠినము, మగవారే తప్పుచున్నారు, ఆడపిల్లలేమి వ్రాయుదురని కొందరు ఆమెను భయపెట్టిరి. మొదటి యేటి పరీక్షలో ఆమె పిల్లలందరు ఉత్తీర్ణులైరి! 1922 లో పదునలుగురు తొలి పట్టము పుచ్చుకొనిరి.

ఆ తొలి ఉత్సవమునుండి అక్కడ పెరిగిన ఆచారములను గూర్చి చెప్పవలెను. అమెరికా స్త్రీల కళాశాలలలో పట్టము దినమున పూలమాలను పొడవుగా పేని, భుజములమీద మోసికొని ఊరేగు వాడుక యుండెను. వేలూరులో అది మల్లెల మాలయైనది. తెల్లచీరలు, మల్లెల త్రాడు. మన దేశపు పువ్వు, పరదేశపు వాడుక. క్రింది తరగతి పిల్లలు ఆ మాల మోయుట, పట్టము పొందువారు వారి నడుమ నడచి పోవుట చూచినవారు మరువలేరు. ఆ సంస్థ ధ్యేయ వాక్యము మార్కు సువార్త 10 వ అధ్యాయము 45 వ వచనమునుండి తీసికొనినది. పరిచారము చేయించుకొనుటకు కాక చేయుటకని దాని భావము. ఐడాగారు ఆ తొలి పదునలుగురికి ఇచ్చిన హితోపదేశమును అక్కడివారు నేటికిని జ్ఞాపకము చేసికొందురు. మీ మార్గము సులువని ఆమె చెప్పలేదు. 1942 లో అక్కడ ఎం.బి.బి.యస్. చదువు మొదలాయెను, 1947 లో పురుషులను చేర్చుకొనిరి.

వేలూరులో మరియొక కట్టుబాటు కలదు. సంఘములు, మిషనులు కొందరు విద్యార్థులను తమ పక్షమున పంపును. చదువు ముగిసిన తరువాత వారు కొన్ని యేండ్లు ఆ సంఘపు ఆసుపత్రులలో పని చేయవలెను. నా దృష్టిలో మల్లెల మాలకంటె ఇది పెద్ద ఆచారము. ఎందరో నిలిచిరి. కొందరు గడువు తీరగానే పోయిరి. పోయినవారిని నిందించుట సులభము. గాని నీరు లేని క్వార్టర్సులో, మందులు లేని ఆసుపత్రిలో వారిని కూర్చుండబెట్టిన మనము సంఘముగా ఏమి చేసితిమని మొదట అడుగవలెను. మన మిషను ఆసుపత్రులు పలుచోట్ల మూతబడుటకు డాక్టర్లు ఒక్కరే కారణము కారు.

ప్రమాణము చేసినవారందరు దానిని నిలుపుకొనిరా? జర్మనీలో హిట్లరు కాలమున బందీలమీద క్రూర ప్రయోగములు చేసినవారు చదువుకొన్న డాక్టర్లే. 1946–47 లో నూరెంబర్గులో విచారింపబడిన ఇరువది ముగ్గురిలో ఇరువదిమంది వైద్యులు. ఏడుగురికి ఉరి పడినది. ఆ సిగ్గునుండి పుట్టినదే 1948 లో ప్రపంచ వైద్య సంఘము వెలువరించిన జెనీవా ప్రకటన. దేవతల పేరులు లేవు, అగ్ని లేదు. నా మానముమీద చెప్పుచున్నానని వైద్యుడు పలుకును. మతము, జాతి, రాజకీయము చూడక చికిత్స చేయుదుననును. రాజు ద్వేషించువానికి మందీయరాదన్న పాత నియమము ఇక్కడ తిరుగబడినది. దానిని పలుమారులు సవరించిరి; 2017 లో చేసిన సవరణలో రోగి స్వనిర్ణయమును గౌరవింతునను మాట చేరినది.

1993 లో న్యూయార్కులోని కొలంబియా వైద్య కళాశాలలో డాక్టర్ ఆర్నాల్డ్ గోల్డు, ప్రమాణమును చదువు ముగిసిన తరువాత చేయించుట ఆలస్యమని తలంచి, చేరిన మొదటి దినములలోనే తెల్లకోటు తొడిగించి ప్రమాణము చేయించు ఉత్సవమును స్థాపించెను. ఇది మన కళాశాలలకును వచ్చినది. చరకుడు మొదటి దినమున చేసినదే గదా! 2022 లో జాతీయ వైద్య కమిషను హిప్పోక్రేట్సునకు బదులు చరక శపథమును సూచించగా పెద్ద రగడ లేచినది. మదురై కళాశాలలో విద్యార్థులు దానిని చదివినందుకు డీనును పదవినుండి కొన్ని దినములు తప్పించి, మరల నిలిపిరి. గ్రీకు పాఠమా, సంస్కృత పాఠమా యని పోరాడినవారిలో, మధ్యవరుసలో కూర్చున్న తల్లికి ఏది అర్థమగునని అడిగినవారు నాకు కనబడలేదు.

ఇప్పుడు 2019 నాటి సంగతి. కళాశాల పేరు చెప్పను. మన రాష్ట్రములలో 1986 మొదలు వైద్యపు పట్టములు ఆరోగ్య విశ్వవిద్యాలయము ఇచ్చునవి – మొదట విజయవాడనుండి, తెలంగాణమునకు 2016 మొదలు వరంగల్లునుండి. ఆ స్నాతకోత్సవము వేరు. హౌస్ సర్జన్ యేడు ముగియునప్పుడు కళాశాలవారు జరుపుకొను గ్రాడ్యుయేషన్ డే వేరు. మేము పోయినది రెండవదానికి. ఒక్కొక్కరికి ఒక్కటే పాసు. అమ్మాయికి తల్లి లేదు. తండ్రి, నేను పోయితిమి. గేటుకడ తండ్రి పాసును నా చేతిలో పెట్టి, "మీరే పోండి అయ్యగారు. లోపలిది నాకేం అర్థమైతది? ఈడ చెట్టు కింద నీడ మంచిగున్నది," అనెను. నేను వద్దంటిని. రెండుసార్లు వద్దంటిని. మూడవసారి అనకుండ లోపలికి పోయితిని. ఈ మాట ఒప్పుకొనుటకే ఇంతదూరము వ్రాసితినేమో.

లోపల నాలుగవ వరుసలో నాకు కుర్చీ దొరికినది. అతిథులు ఇంగ్లీషులో చాలసేపు మాటలాడిరి. పిల్లలు నిలిచి చేతులు చాపి ప్రమాణము చదివిరి. మా అమ్మాయి పేరు పిలిచినప్పుడు నేను చప్పట్లు కొట్టితిని. దైవశాస్త్ర కళాశాలలో నాకు గౌను తొడిగిన దినమున మా నాయన మొదటి వరుసలో కూర్చుండెను; ఆ సంగతి అప్పుడు గుర్తు వచ్చినది, గాని లేచి బయటికి పోయి ఆయనను పిలువలేదు. పిలిచిన గేటువారు రానిత్తురో లేదో అడిగియైన చూడలేదు.

సభ ముగిసి అమ్మాయి బయటికి వచ్చునప్పటికి గౌను లేదు. అద్దె గౌను, అయిదు గంటలలోపల అప్పగించనియెడల డిపాజిట్టు పోవును. తండ్రి తన బిడ్డను ఆ నల్లంగిలో చూడనేలేదు. ఆమె సంచిలోనుండి తెల్లకోటు తీసి తొడుగుకొని ఆయన ప్రక్కన నిలిచినది. నేను ఫోనులో ఫోటో తీసితిని. "ఇదే మంచిగున్నదిలే బిడ్డా," అనెను. ఆ ఫోటో నేటికిని వారి యింటిలో దేవుని వాక్యపు క్యాలెండరు ప్రక్కన వ్రేలాడుచున్నది.

ఆ వారము పల్లెకు వచ్చినప్పుడు ఆమె అవ్వ అడిగినది. ఆ అవ్వ ఒకప్పుడు మంత్రసాని. మా పల్లెలో నలుబది దాటినవారిలో చాలమందిని ఆమె చేతులే మొదట పట్టుకొన్నవి. "అంతమందిలో నిలబెట్టి ఏం చెప్పించిండ్రే?" అని అడుగగా, మనుమరాలు ప్రమాణమును ఒక్కొక్క మాటగా తెలుగులో చెప్పసాగినది. రోగి రహస్యము కాపాడుట వద్దకు వచ్చినప్పుడు అవ్వ, "అది చెప్పాల్నా? ఎవరింట్ల ఏమైందో నేను ఎవరికన్న చెప్పిన్నా?" అని కసిరెను. ఆమెకు ఎవరును గౌను తొడుగలేదు. ఎవరును పట్టా ఇయ్యలేదు.

2022 నవంబరు 15 న నాగర్‌కర్నూలులోను వనపర్తిలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. మహబూబ్‌నగరులో 2016 లో, గద్వాలలో 2024 లో వచ్చినవి. 2022 లో చేరినవారు నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడు హౌస్ సర్జన్ పని ముగించి పట్టా తీసికొందురు. ఆ రెండు కళాశాలల మొదటి పట్టప్రదానము ఎట్లు జరుగవలెనో ఇంకను వాడుక ఏర్పడలేదు. వాడుక ఏర్పడక మునుపే అడుగుట మంచిదని నేను రెండు మనవులు వ్రాసి పెట్టుకొంటిని. ఒకటి: పాసు ఒక్కటి కాక, తల్లికి తండ్రికి చెరియొకటి. రెండు: ప్రమాణమును ఇంగ్లీషులో చదివిన తరువాత ఒకసారి తెలుగులోను చదువుట.

రెండవదానికి తెలుగు పాఠము కావలెను గదా. జెనీవా ప్రకటనను నేనును, మా అమ్మాయియు కూర్చుండి తెలుగు చేయుచున్నాము. ఆమె ఇప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరు. ఆదివారము మధ్యాహ్నము తప్ప తీరిక లేదు. చాలమట్టుకు పని జరిగినది. రోగి స్వనిర్ణయము వద్ద నిలిచిపోయితిమి. నేను 'స్వయంప్రతిపత్తి' యని వ్రాసితిని. అది పంచాయతీల గూర్చిన మాటవలె నున్నదని ఆమె నవ్వి కొట్టివేసినది. అవ్వను అడిగితిమి. ఆమె ఆలోచింపక, "కాన్పుల కాడ ఆమె ఎట్ల కూసుంటనంటే అట్ల కూసోనియ్యాలె," అనెను. ఆ మాటను అమ్మాయి పెన్సిలుతో ప్రక్కన వ్రాసి యుంచినది.